గరగరల వెనక గొంతు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈ పూట మీకు ఒక సెట్టును పరిచయం చేద్దామని వచ్చాను. స్టీలు గిన్నెల సెట్టూ కాదు, చీరా జాకెట్టు సెట్టూ కాదు. అమెచ్యూర్ రేడియో సెట్టు. హామ్ రేడియో అంటే మీలో కొందరికి చప్పున గుర్తొస్తుంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి తీగ కట్టి, రాత్రి పొద్దుపోయేదాకా తలుపు దగ్గరగా వేసుకుని "సీక్యూ, సీక్యూ" అంటూ కూచునే మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్లమ్మ "అదేం పిచ్చిరా నాయనా" అంటుంది. పెళ్లాం అయితే "ఆ పెట్టెనే కట్టుకోవలసింది" అంటుంది. ఆ పెట్టె మీద దుమ్ము తుడవడం వరకు మన పని, దాని మీటలు ముట్టుకోవడం మాత్రం మన పని కాదు అని ఇళ్లల్లో ఒక రివాజు ఏర్పడిపోయింది.

ఆ రివాజు మార్చుకోవడం మంచిదని నా ఉద్దేశం. నేను మెట్రిక్ వరకు చదివినదాన్ని. రేడియో ఇంజనీరింగు నాకెవరూ పాఠంగా చెప్పలేదు. మా మరిదికి హామ్ లైసెన్సు ఉంది. సెట్టు మేడ మీది గదిలో ఉంటుంది. అతని పక్కన కూచుని వినడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తెలిసిందేమిటంటే, ఇందులో లెక్కల కన్నా చెవికే పని ఎక్కువ. చెవికి ఓర్పు కావాలి. ఆ రెండూ మనకు కొత్తవి కావు గదా!

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ సెట్టులో రెండు భాగాలుంటాయి. ఒకటి వినే భాగం, రెండోది మాట్లాడే భాగం. మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖ పెట్టే పరీక్ష ప్యాసై లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా మైకు మీద ఉన్న మీట నొక్కడం నేరం. కనుక లైసెన్సు ఉన్న మనిషి దగ్గర ఉండగా కూచోండి, మైకు పక్కకు పెట్టేయండి. ఇవాళ మనం చెప్పుకునేదంతా వినే భాగం గురించే.

"వినడానికేముందండీ, చెవులున్నాయిగా" అంటారేమో. చెప్తాను.

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఒక బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. ఆ బృందానికి నాయకురాలు ఒక మహిళ, భారతీ ప్రసాద్ గారు. పోర్ట్ బ్లెయిర్‌లో సెట్లు పెట్టుకుని ప్రపంచం నలుమూలల ఉన్న హాములతో మాట్లాడటం వాళ్ల కార్యక్రమం. అప్పట్లో అండమాన్ నుంచి హామ్ గొంతు వినపడటం చాలా అరుదు. అందుచేత దేశదేశాల వాళ్లు ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఉన్నారు. డిసెంబరు 26 పొద్దున సుమత్రా దగ్గర సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. దాని వెంట సునామీ వచ్చింది. దీవుల్లో టెలిఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. సరదాగా మాట్లాడుకోవడానికి తీసుకెళ్లిన ఆ సెట్లే అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కీ ప్రధాన భూభాగానికీ మధ్య కబురు మోశాయి. మా వాళ్లు బతికున్నారా అని ఇక్కడ కళ్లనీళ్లు పెట్టుకున్న కుటుంబాలకు, బతికే ఉన్నారని సమాచారం ఆ సెట్ల మీద అందింది.

ఆవిడ మాట్లాడారు, నిజమే. కాని ఇవతల వినేవాళ్లు ఉండబట్టే ఆ మాటకు విలువ వచ్చింది. సముద్రానికి అవతల నుంచి వచ్చే సన్నని గొంతును, నానారకాల గరగరల్లోంచి ఎవరో ఓపికగా ఏరి, కాగితం మీద రాసుకున్నారు. అలా ఏరడం ఎలాగో తెలియాలంటే సెట్టు ముందున్న మీటలు తెలియాలి. రండి, ఒక్కొక్కటే చూద్దాం.

అన్నిటికన్నా పెద్దది మధ్యలో ఉంటుంది. అది స్టేషను పట్టే చక్రం. దాని పక్కన, చుట్టూ చిన్న మీటలు, బొత్తాలు ఉంటాయి. కంపెనీని బట్టి వాటి చోటు మారుతుంది గాని పేర్లు దాదాపు అవే. సెట్టు వేసేముందు ఏరియల్ తీగ వెనకాల తగిలించి ఉందో లేదో చూడండి. తీగ లేని సెట్టు తాడు లేని బావి బొక్కెన లాంటిది. ఉరుములూ మెరుపులూ ఉంటే మాత్రం అసలు వెయ్యకండి, ఆ తీగ ఊడదీసి దూరంగా పెట్టండి.

మొదట వాల్యూము. దీన్ని సెట్టు మీద ఏ.ఎఫ్. గెయిన్ అని రాస్తారు. మనకు బాగా అలవాటైన మీట ఇదే. అందుకని మాట సరిగా వినపడకపోతే చెయ్యి దీని మీదికే పోతుంది. కాని వాల్యూము అనేది అన్నిటికన్నా చివరి మెట్టు. లోపలికి వచ్చి, వడకట్టాక ఏం మిగిలిందో దాన్ని పెద్దది చేయడమే దాని పని. డికాక్షన్‌లో కాఫీపొడి దిగిందనుకోండి, గ్లాసు పెద్దది తెచ్చినంత మాత్రాన కాఫీ బాగుపడుతుందా? ఇదీ అంతే. వాల్యూము పెంచితే మాటా పెరుగుతుంది, గరగరా పెరుగుతుంది. చెవికి హెడ్‌ఫోను పెట్టుకుంటే సన్నని గొంతులు బాగా తెలుస్తాయి. పెట్టుకునే ముందు వాల్యూము బాగా తగ్గించండి. ఎక్కడో దూరాన పిడుగు పడినా టప్పున చెవిలో పేలుతుంది.

రెండోది బ్యాండు మార్చే బొత్తాం. మన పాత రేడియోల్లో మీడియం వేవ్, షార్ట్ వేవ్ అని ఉండేవి గుర్తుందా? ఇదీ అలాంటిదే. హాములకు 80 మీటర్లు, 40 మీటర్లు, 20 మీటర్లు అని కొన్ని వాడలు కేటాయించారు. మన దేశంలో 40 మీటర్ల వాడ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు. పగటిపూట ఈ వాడలో పక్క జిల్లాల వాళ్లు, పక్క రాష్ట్రాల వాళ్లు వినపడతారు. పొద్దుగూకాక దూరదేశాల గొంతులు మొదలవుతాయి. 20 మీటర్ల వాడ దీనికి ఎదురు. పట్టపగలు కూడా ఖండాంతరాల నుంచి మాట తెస్తుంది. దీనికంతటికీ కారణం సూర్యుడే. ఎండకు ఆకాశంలో చాలా ఎత్తున కొన్ని పొరలు విద్యుత్తు పుంజుకుంటాయి. పై పొరలు రేడియో తరంగాలను అద్దం లాగా వెనక్కి పంపుతాయి. అన్నిటికన్నా కింది పొర మాత్రం పగలంతా 40, 80 మీటర్ల తరంగాలను చాలావరకు మింగేస్తుంది. రాత్రయితే ఆ కింది పొర కరిగిపోతుంది, దారి తెరుచుకుంటుంది. రాత్రిళ్లు రేడియో సిలోను అలలు అలలుగా దగ్గరికొచ్చి దూరమయ్యేది జ్ఞాపకం ఉంటే, మీరు ఈ పొరల ఆట ఎప్పుడో విన్నట్టే.

మూడోది మోడ్ అనే మీట. కొత్తగా వినేవాళ్లను హడలగొట్టేది ఇదే. ఈ మీట సరిగా లేకపోతే మనిషి మాట బాతు అరుపులా ఉంటుంది. "ఇదేం భాష?" అని చాలామంది అక్కడే సెట్టు కట్టేస్తారు. విషయమేమిటంటే, మామూలు రేడియో స్టేషను తన తరంగంలో మూడు భాగాలు పంపుతుంది. మధ్యలో మోసే తరంగం, దానికి అటూ ఇటూ మాట. రెండు పక్కలా ఉండేది ఒకే మాట. హాములు పొదుపరులు. మోసే తరంగాన్నీ, ఒక పక్క మాటనూ తీసేసి, రెండో పక్క ఒక్కటే పంపుతారు. శక్తి అంతా ఆ ఒక్కదాని మీద పెడితే తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పోతుంది. తీసేసిన ఆ మోసే తరంగాన్ని ఇవతల మన సెట్టు మళ్లీ కలుపుకోవాలి. కింది పక్క పంపితే ఎల్.ఎస్.బి., పై పక్క పంపితే యు.ఎస్.బి. అంటారు. 80, 40 మీటర్లలో ఎల్.ఎస్.బి., 20 మీటర్లూ ఆపై వాడల్లో యు.ఎస్.బి. వాడటం ఆనవాయితీ. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే బాతు సగం మనిషయినట్టే.

మిగతా సగం పెద్ద చక్రం చేతిలో ఉంది. దాన్ని కవ్వం తిప్పినట్టు తిప్పకూడదు. దీపపు వత్తి ఎగదోసినట్టు, రవ్వంత రవ్వంత జరపాలి. మీరు ఎల్.ఎస్.బి.లో ఉండి అంకె పైకి పోతుంటే గొంతు కీచుమంటుంది, కిందికి వస్తుంటే బొంగురుపోతుంది. యు.ఎస్.బి.లో సరిగ్గా దీనికి ఎదురు. అలా జరుపుతూ పోతుంటే ఒకచోట ఆ బాతు అరుపు ఉన్నట్టుండి ఎవరిదో చక్కని గొంతుగా మారుతుంది. "నమస్కారమండీ, మీ మాట బాగా అందుతోంది" అని తేట తెలుగులో వినిపిస్తుంది. ఆ క్షణం ఎంత సరదాగా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

నాలుగోది ఆర్.ఎఫ్. గెయిన్. వాల్యూము చివరి మెట్టయితే ఇది వీధి తలుపు. ఆకాశంలోంచి ఎంత లోపలికి రానివ్వాలో ఇది నిర్ణయిస్తుంది. మామూలుగా పూర్తిగా తెరిచి ఉంచుతారు. పక్క వీధిలోనే ఇంకో హామ్ గట్టిగా మాట్లాడుతున్నా, హోరు మరీ ఎక్కువగా ఉన్నా కొంచెం మూసి, వాల్యూము కొంచెం పెంచి చూడండి. మాటకూ మాటకూ మధ్య వచ్చే హోరు అణుగుతుంది, మాట నిలబడుతుంది. ఒక తమాషా ఉంది. దీన్ని మూసేకొద్దీ చాలా సెట్లలో బలం చూపించే ముల్లు పైకి లేస్తుంది. స్టేషను బలంగా వస్తోందని సంబరపడకండి. తలుపు ఎంత మూశారో ఆ ముల్లు చెప్తోంది, అంతే.

ఐదోది ఏ.జి.సి. గట్టి గొంతు వస్తే సెట్టే తగ్గించుకుంటుంది, సన్నని గొంతు వస్తే సెట్టే పెంచుతుంది. మన చెవికి శ్రమ తగ్గించే ఏర్పాటు. దీనికి నిదానం, వేగం అని రెండు స్థితులుంటాయి. మాట వినడానికి నిదానం హాయిగా ఉంటుంది. కాని దూరాన ఉరుములుంటే ఒక్కొక్క టప్పుకూ సెట్టు తగ్గిపోయి, మళ్లీ పెరగడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో సన్నగా మాట్లాడేవాళ్ల రెండు మాటలు పోతాయి. అప్పుడు వేగంలో పెట్టాలి. చెవికి ఇబ్బందిగానే ఉంటుంది, కాని మాట దక్కుతుంది.

ఆరోది ఫిల్టరు. ఇది జల్లెడ. మన ఇంట్లో పిండి జల్లెడ వేరు, రవ్వ జల్లెడ వేరు గదా. ఇక్కడా అంతే. మాటకు సుమారు 2.4 కిలోహెర్ట్జ్ కన్నం కావాలి. పక్కనే ఇంకొకరు మాట్లాడుతుంటే 1.8కి తగ్గించండి. గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది గాని అర్థమవుతుంది. మోర్సు చుక్కలూ గీతలూ వినడానికి 500 హెర్ట్జ్ చాలు. జల్లెడ మరీ సన్నదైతే పిండి కూడా దిగదని మీకు నేను చెప్పాలా? దీనికి తోడుగా నాచ్ అని ఇంకో మీట ఉంటుంది. మాట మధ్యలో ఒక ఈల కూత ఆగకుండా వస్తుంటే, బియ్యంలో రాయి ఏరినట్టు ఆ ఒక్కదాన్నీ ఏరి పారేస్తుంది.

ఏడోది నాయిస్ బ్లాంకరు. స్కూటరు స్పార్కు లాంటి టకటకలను ఇది తుంచేస్తుంది. అక్కర్లేనప్పుడు కట్టేసి ఉంచాలి. పక్కన బలమైన స్టేషను ఉంటే ఇదే మాటను చెడగొడుతుంది.

ఇక్కడ కాసేపు మీటలు వదిలి ఇంటి సంగతి చెప్తాను. ఎందుకంటే సెట్టులో గరగరకు సగం కారణం మన ఇల్లే. ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు నడుస్తోందో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? ఒక ఆదివారం మధ్యాహ్నం మా మరిది 40 మీటర్లు పెట్టి కూచున్నాడు. బర్రుమని ఒకటే హోరు. ముల్లు 7 మీద నిలబడింది. అతను ఏరియల్‌ను అనుమానించాడు, తీగ కింద మామిడి కొమ్మను అనుమానించాడు. "వదినా, ఈ పూటకింతే" అన్నాడు. నేను కింద వాకిట్లోకి వెళ్లి మెయిన్ కట్టేశాను. సెట్టు బ్యాటరీ మీద నడుస్తోంది, కనుక ఆగలేదు. మేడ మీంచి "పోయింది, పోయింది!" అని కేక. ఇంక నేను ఒక్కొక్క గదికీ ఫ్యూజు వేస్తూ వచ్చాను. హాలు వేశాను, బాగానే ఉంది. వంటిల్లు వేశాను, బాగానే ఉంది. దేవుడి గది వెయ్యగానే మళ్లీ బర్రుమంది. చూస్తే పటాల ముందు పెట్టిన చిన్న ఎల్.ఇ.డి. బల్బు! చవకరకం బల్బులో కరెంటును మార్చే చిన్న సర్క్యూటు రేడియో తరంగాలు వెదజల్లుతుంది. అది తీసేశాం. ముల్లు 7 నుంచి 3కి పడిపోయింది. ఆ హోరు కింద అప్పటిదాకా ఒక పెద్దాయన ఎవరినో పిలుస్తూనే ఉన్నాడు. సన్నని గొంతు, ఊరు పేరూ తన పేరూ పదేపదే చెప్తున్నాడు. మా చెవికి అప్పుడందింది.

ముల్లు మీద అంకెకు ఉన్న విలువ కూడా చెప్తాను. 1 నుంచి 9 వరకు ఉండే ఒక్కొక్క గీతకూ 6 డెసిబెల్స్ తేడా, అంటే వోల్టేజీ రెట్టింపు. 3 నుంచి 7కి నాలుగు గీతలు. రెట్టింపుకు రెట్టింపు చేసుకుంటూ పోతే 16 రెట్లు. చిటికెడు బల్బు 16 రెట్లు హోరు తెచ్చి పెట్టిందన్నమాట. సెల్‌ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు, టీవీ డబ్బా అడాప్టర్లు, మిక్సీ, కుట్టు మిషను మోటారు, అన్నీ ఈ కోవలోవే. అన్నీ చెడ్డవని కాదు. చవకరకానివి, పాడైనవి ఎక్కువ గోల చేస్తాయి. మీ ఇంట్లో హామ్ ఉంటే, వాటిని పట్టుకోవడంలో మీ అంత సాయం ఇంజనీరు కూడా చెయ్యలేడు.

హాములు ఒకరి గొంతును ఇంకొకరికి లెక్కకట్టి చెప్పుకుంటారు. అందులో రెండంకెలుంటాయి. మొదటిది మాట ఎంత అర్థమైందో 1 నుంచి 5 వరకు. రెండోది బలం, 1 నుంచి 9 వరకు. ఎవరైనా "మీరు 5, 3" అన్నారనుకోండి. గొంతు సన్నదే గాని ప్రతి మాటా అర్థమైందని భావం. చూశారా, ముందు అర్థం, ఆ తరవాతే బలం. ఇది రేడియోకే కాదు, ఇళ్లల్లో కూడా పెట్టుకోదగ్గ లెక్క అనిపిస్తుంది నాకు.

ఎనిమిదోది ఆర్.ఐ.టి. కొన్ని సెట్లలో క్లారిఫయరు అంటారు. అవతలి మనిషి గొంతు కొంచెం పక్కకు జరిగితే పెద్ద చక్రం కదపకుండా దీంతో వినే అంకెను మాత్రం సర్దుకోవచ్చు. మాట్లాడే అంకె ఉన్నచోటే ఉంటుంది. ఇది లేకుండా ఇద్దరూ పెద్ద చక్రాలు తిప్పుకుంటూ పోతే, ఆయన కోసం ఈయన, ఈయన కోసం ఆయన జరిగి జరిగి పక్కవాళ్ల వాకిట్లోకి వెళ్లిపోతారు. పని అయ్యాక దీన్ని సున్నా మీదికి తెచ్చి పెట్టడం మరిచిపోకూడదు.

ఇక చివరిది స్క్వెల్చ్. చేతిలో పట్టుకునే చిన్న సెట్లలో, 2 మీటర్ల ఎఫ్.ఎం. వాడలో దీని పని ఎక్కువ. ఎఫ్.ఎం.లో ఎవరూ మాట్లాడనప్పుడు ఆగని బుస వస్తుంది. ఈ మీట తిప్పితే ఆ బుస ఠక్కున ఆగిపోతుంది. ఎవరైనా మాట్లాడితేనే సెట్టు నోరు తెరుస్తుంది. ఎంత హాయి! వంట చేసుకోవచ్చు, పిల్లలకు పాఠం చెప్పుకోవచ్చు. కాని ఈ మీటను గురించి మీకు గట్టిగా చెప్పాలి. బుస ఆగిన చోటనే ఆపండి, ఇంక ఒక్క వెంట్రుకవాసి కూడా తిప్పవద్దు. ఎక్కువ తిప్పారంటే సెట్టు మరీ నిశ్శబ్దంగా, మర్యాదగా కూచుంటుంది. బలమైన గొంతులకు మాత్రమే తలుపు తీస్తుంది. దూరం నుంచి, అయిపోతున్న బ్యాటరీతో, పిలిచీ పిలవనట్టు పిలిచేవాళ్లకు తలుపు తియ్యదు. మనకేమో అంతా ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది.

నేను ఇంతసేపూ చెప్పొచ్చిందంతా ఇందులోనే ఉంది. ఈ మీటల్లో చాలావరకు మనకు సుఖాన్నిచ్చేవే. ఒకటి హోరు తగ్గిస్తుంది, ఒకటి ఈల ఏరేస్తుంది, ఒకటి నోరే మూసేస్తుంది. ప్రతి సుఖానికీ ఒక ధర ఉంది. ఆ ధర కట్టేది మనం కాదు, అవతల సన్నగా మాట్లాడే మనిషి. మామూలు రోజుల్లో సుఖానికే తిప్పుకోండి, తప్పులేదు. తుపాను రోజున మాత్రం స్క్వెల్చ్ పూర్తిగా తెరిచి పెట్టండి, జల్లెడ వెడల్పు చెయ్యండి, గరగర భరించండి. ఆ గరగరలో మనిషి ఉన్నాడేమో వినండి.

తుపాను అంటే మనకు కథ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడితే కరెంటూ సెల్‌ఫోన్లూ రోజుల తరబడి పనిచెయ్యలేదు. చేతిలో ఫోను ఉంది, పక్క వీధిలో అక్కయ్య ఎలా ఉందో తెలియదు! అలాంటప్పుడు కారు బ్యాటరీ మీద కూడా హామ్ సెట్టు నడుస్తుంది. 100 వాట్ల సెట్టు పూర్తి శక్తితో మాట్లాడితే 20 యాంపియర్ల దాకా లాగుతుంది. వింటూ ఊరుకుంటే దానికి సుమారు 1 యాంపియరు చాలు. అంటే మాట్లాడటం గంటల లెక్క, వినడం రోజుల లెక్క. బ్యాటరీ నిలుస్తుంది సరే, మనిషి నిలవాలిగా? ఒక్కడే హామ్ రాత్రీ పగలూ ఎంతసేపు కూచుంటాడు? అతను అన్నం తినాలి, కన్ను మూయాలి. అప్పుడు ఇంట్లో ఇంకో జత చెవులుండాలి. ఆ చెవులు మనవి కావచ్చు. రాత్రి పూట పసిపిల్ల కదిలితే పక్క గదిలోంచి లేచే చెవులివి. వీటికి రేడియో ఒక లెక్కా?

అలాంటి పిలుపు వినపడితే ఏం చెయ్యాలో వరసగా చెప్తాను, జ్ఞాపకం పెట్టుకోండి. ఒకటి, పెద్ద చక్రం మీంచి చెయ్యి తియ్యండి. లాక్ అని బొత్తాం ఉంటుంది, అది నొక్కితే పిల్లలు తగిలినా అంకె కదలదు. రెండు, అద్దంలో కనిపించే అంకె మొత్తం కాగితం మీద రాయండి. మూడు, గోడ గడియారం చూసి టైము రాయండి. హాములు అంతర్జాతీయ సమయం వాడతారు, అది మనకన్నా 5 గంటల 30 నిమిషాలు వెనక. మన టైమే రాసి, పక్కన మన టైమని గుర్తు పెడితే చాలు. నాలుగు, పిలిచినవారి సంకేతం రాయండి. మన దేశపు సంకేతాలు ఎక్కువగా వి.యు. అక్షరాలతో మొదలవుతాయి. అక్షరాలను విక్టర్, యూనిఫాం, ఆల్ఫా, బ్రావో అని మాటలుగా చెప్తారు. ఆ మాటల మొదటి అక్షరం రాసుకుంటూ పోతే సరి. ఐదు, ఊరు, ఎందరు మనుషులు, ఏం కావాలి, ఈ మూడూ విన్నది విన్నట్టు రాయండి. వినపడని చోట ఖాళీ వదలండి, ఊహించి నింపకండి. ఇన్సులిన్ అన్నారో ఇంకేమన్నారో తెలియకపోతే తెలియలేదనే రాయాలి. ఆరు, వెంటనే లైసెన్సు ఉన్న మనిషిని లేపండి. ఎంత ఆత్రంగా ఉన్నా మనం మైకు తీసుకోకూడదు. ఒక కబురు నడుస్తున్నప్పుడు తక్కిన హాములందరూ ఆ చోట నోరు మూసుకుని వింటారు. ఆ నిశ్శబ్దం కూడా సాయమే.

ఇదంతా విన్నాక "మాట్లాడే హక్కు కూడా నాకే ఉంటే బాగుండును" అని మీలో ఎవరికైనా అనిపిస్తే మరీ సంతోషం. పరీక్ష మనకూ ఉంది. ఆడవాళ్లకు వేరే పరీక్ష లేదు, వేరే సెట్టు లేదు. పుస్తకం తిరగేసే ముందు ఒక నెల్లాళ్లు వినండి. రోజుకో పావుగంట చాలు. మొదటి వారం బాతుల్ని మనుషులు చెయ్యడం, రెండో వారం జల్లెడలూ గెయిన్లూ, మూడో వారం ఇంట్లో గోల చేసే వస్తువుల వేట, నాలుగో వారం విన్నది రాసుకోవడం. నెల తిరిగేసరికి ఆ పెట్టె దుమ్ము తుడిచే వస్తువుగా కనిపించదు.

మైకు ముందు మాట్లాడే నాకు వినేవాళ్ల విలువ బాగా తెలుసు. ఇవాళ నా మాట గరగరలు లేకుండా, శ్రమ పడకుండా విన్నారు. అందరి మాటా ఇంత సుళువుగా అందదు. అందని మాట కోసం ఒక మీట రవ్వంత జరిపి, ఊపిరి బిగబట్టి వినేవాళ్లు వీధికి ఒక్కరున్నా మంచిదే. ఆ ఒక్కరు మీరే అయితే మరీ మంచిది.